సూది గుచ్చిన చోటు

నోరు పొక్కిందని మందు కోసం వచ్చేవాళ్ళను నేను ఊరికే పోనివ్వను. ఇది ఎన్నోసారి, కళ్ళు ఎర్రబడతాయా, మోకాళ్ళు వాస్తాయా అని అడుగుతాను. చివర్లో, సూది వేయించుకున్న చోట చీముపొక్కు లేస్తుందా అని కూడా అడుగుతాను. ఆ ప్రశ్నకు చాలామంది నవ్వుతారు. మొన్న పెళ్ళి చీరలు కొనడానికి నాగర్‌కర్నూల్ నుంచి గద్వాల వచ్చిన ఒకావిడ, "నోటికి రెండు గోళీలియ్యి సారూ అంటే పోలీసోళ్ళ లెక్క గిన్ని అడుగుతున్నవేంది? ఒక్కసారే పొక్కింది. నిన్న మిర్చి బజ్జీలు తిన్న, గంతే!" అంది. పక్కనున్న చెల్లెలు పకపకా నవ్వింది. నేనూ నవ్వి గోళీలిచ్చి పంపాను.

వాళ్ళు వెళ్ళాక చాలాసేపు పని తోచలేదు. మిర్చి బజ్జీ మాట వినగానే, మగ్గాల పని చేసిన ఒకాయన గుర్తొచ్చాడు. ఆయన పోయి పదిహేనేళ్ళు దాటింది. ఆరేళ్ళపాటు ఆయన నోటికీ, మోకాళ్ళకూ, కళ్ళకూ మందులు ఇచ్చింది నేనే. ఆ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఈ ప్రశ్నలు అడగలేదు.

మా మందుల షాపు గద్వాలలో మగ్గాల వీధి మొదట్లో ఉంది. నేను షాపు తెరిచింది రెండువేల రెండు ప్రాంతంలో. గోడకు ఫార్మసీ డిప్లొమా పటం కట్టించుకున్న కొత్త, ఇక చూస్కోండి, నేలమీద కాళ్ళు ఆనేవి కావు. ఆయనకు అప్పుడు ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆయన పని పడుగు అతకడం. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయిందంటే కొత్త పడుగులోని ప్రతి పోగునూ పాత పడుగులోని ప్రతి పోగుకూ కలపాలి. వేల పోగులు. ఒక్కటి తప్పినా చీరలో గీత పడుతుంది. అందుకే ఆ పనికి అందరినీ పిలవరు, ఆయన్నే పిలిచేవారు. వనపర్తి, కొత్తకోట వైపు నుంచి కూడా కబురొచ్చేది.

మిగతావాళ్ళు వేళ్ళకు బూడిద అద్దుకొని అతుకుతారు. ఈయనది నాలుక. రెండు పోగుల కొనలు నాలుకకు ఆనించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలిక తిప్పేవాడు. అంతే, అయిపోయేది. "గుంజితే పోగు తెగాలె గని నా అతుకు ఊడదు తమ్మీ" అనేవాడు, ప్రతి పడుగుకూ ఒకసారైనా. నాలుకతోనే ఇంకో విద్య కూడా పట్టుబడింది. పోగు రుచి చూసి అది ఎవరి అద్దకమో చెప్పేవాడు. "ఎరుపు సరిగ కడగలే, ఉప్పు కొడుతుంది. గీ పచ్చ జర చేదు" అంటుంటే మగ్గం వాళ్ళు నోరెళ్ళబెట్టేవారు.

ఆ నోరు నెలకోసారి పొక్కేది. ఒక్కోసారి నెలకు రెండుసార్లు. చెంపల లోపల, నాలుక అంచున, పెదవి వెనక తెల్లటి గుంటల్లాంటి పుండ్లు, చుట్టూ ఎర్రటి గీత. అప్పుడాయన మాట్లాడేవాడు కాదు. షాపు మెట్టెక్కుతూనే చెయ్యి పైకెత్తి వేళ్ళు చూపేవాడు. రెండు వేళ్ళంటే రెండు పుండ్లు, నాలుగంటే నాలుగు. నేను బి-కాంప్లెక్స్ గోళీలు, పుండు మీద రాసే మందు తీసి కౌంటర్ అద్దం మీద పెట్టేవాణ్ణి. ఒకరోజు రెండు చేతులూ ఎత్తి ఏడు వేళ్ళు చూపించాడు. మా ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆయన నవ్వబోయి, నొప్పికి చెంప పట్టుకొని మెట్టు మీదే కూర్చున్నాడు.

పొక్కిన రోజుల్లో ఆయన తిండి పలచటి మజ్జిగ పోసుకున్న అన్నం. జొన్నరొట్టె, ఎర్రకారం మీద పెరిగిన మనిషికి అది తిండేనా! అందుకని ఎదుటివాళ్ళ తిండి గురించి విని తృప్తిపడేవాడు. "ఇయ్యాల మీ ఇంట్ల ఏం కూర తమ్మీ?" అని నాలుక కదలకుండా, మాట మింగుతూ అడిగేవాడు. పుంటికూర పప్పు అంటే ఊరుకునేవాడా? "ఎల్లిపాయ దంచి ఏసిన్రా, ఉత్తగనే ఏసిన్రా? ఎండుమిరపకాయ ఏంచిన్రా?" అన్నీ కావాలి. నేను చెబుతుంటే కళ్ళు మూసుకొని వినేవాడు, గుటకలు మింగేవాడు. గిరాకీ ఉన్నప్పుడు నాకు విసుగొచ్చేది కూడా.

పుండ్లు మానిన రోజు మాత్రం ఆయన రాజు. మా షాపు ఎదురుగా మిర్చి బజ్జీల బండి ఉండేది. అక్కడ నిలబడి, నాకు కనిపించేలా బజ్జీ పైకెత్తి, తొడిమ దాకా కొరికేవాడు. కళ్ళలో నీళ్ళు కారుతుంటే, "ఇయ్యాల నా నోరు నాదే తమ్మీ!" అని రోడ్డు దాటి వినపడేలా అరిచేవాడు. బండివాడు ఆయన కోసం గింజలు తీసేయకుండా ఉంచిన కాయలు పక్కన పెట్టేవాడు.

పుండ్లెందుకొస్తున్నాయో వీధి మొత్తానికి తెలుసనుకున్నాం. రంగు దారం రోజంతా నోట్లో పెట్టుకుంటాడు, పొక్కక ఏమవుతుంది? మగ్గం వాళ్ళంతా అదే మాట. డిప్లొమా ఉన్నవాణ్ణి నేనూ అదే మాట. పైగా పెద్ద డాక్టర్లా వేలు చూపించి మరీ చెప్పాను. "నాలుక ఆనించుడు బంద్ జెయ్యన్నా. బూడిద వాడు."

పాపం, బంద్ చేశాడు. మూడు నెలలు బూడిదతోనే అతికాడు. చేతివాటం పోయి ఒక పడుగుకు రెట్టింపు పొద్దు పట్టేది. ఆ మూడు నెలల్లోనూ నోరు పొక్కింది. నాలుగో నెల వచ్చి, చెయ్యెత్తి అయిదు వేళ్ళు చూపి, రెండో చేత్తో తన నాలుకను చూపి, లేదు లేదన్నట్టు తల ఊపాడు. రంగు తప్పు కాదని చెప్పడం అది. నేనొప్పుకున్నానా? "అయితే వేడి అన్నా. మన పాలమూరు ఎండలకు ఒంట్ల వేడి. సబ్జా గింజలు నానబెట్టుకొని తాగు" అన్నాను. వేడి అనే మాట ఎంత సుఖమో! ఆ మాట అన్నాక ఇంక ఆలోచించే పని ఉండదు.

చికెన్‌గున్యా వచ్చిన ఏడు ఇంటింటా మోకాళ్ళు పట్టుకొని మూలిగేవాళ్ళే. ఆయన మోకాళ్ళూ వాచాయి. మా షాపు వెనక గదిలో నేనే నొప్పి సూది వేశాను. అప్పట్లో చిన్న ఊళ్ళలో మందుల షాపు వాళ్ళు అలా వేసేవారు. వేయకూడదని తెలుసు, అయినా వేశాను. రెండు రోజులకు ఆయన మండిపడుతూ వచ్చాడు. షాపు నిండా జనం. చొక్కా చెయ్యి పైకి లాగి భుజం చూపించాడు. సూది గుచ్చిన చోట సరిగ్గా శనగగింజంత చీముపొక్కు, చుట్టూ ఎర్రగా.

"గిదేంది? ఎవనికో గుచ్చిన సూది నాకు గుచ్చినవా?"

నాకు ఒళ్ళు మండింది. సీలు విప్పింది ఆయన కళ్ళముందే. "నోరు సంభాళించుకో అన్నా. అది కొత్త సూది."

"కొత్త సూదైతే గిట్లెందుకు పొక్కుతది? బీదోళ్ళమని ఏది బడితే అది గుచ్చుతవా?"

"నీ ఒంట్లనే ఉన్నదేమో మురికి. నా సూదిని అంటవేంది?"

ఆ మాట అన్నాను. పదిమంది ఉండగా, స్నానం చేసి ఉతికిన చొక్కా తొడుక్కొని వచ్చిన మనిషిని పట్టుకొని అన్నాను. ఆయన ఒక్కసారి చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. చొక్కా చెయ్యి దించుకొని వెళ్ళిపోయాడు. నాలుగైదు నెలలు మా మెట్టెక్కలేదు. నేను కూడా తగ్గలేదు, దారిలో ఎదురైతే ముఖం తిప్పుకునేవాణ్ణి. కొత్త సూది గుచ్చితే చీము ఎందుకు పట్టిందన్న ప్రశ్న నాకు రావాలి కదా. రాలేదు. నా పరువు ముందు ఆ పొక్కు కనపడలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేని వేళ చూసి వచ్చాడు. అటూ ఇటూ చూసి, అద్దం మీదికి వంగి, గొంతు తగ్గించి, "తమ్మీ, కింద గూడ పొక్కింది. నోట్ల లెక్కనే. అచ్చం గట్లనే" అన్నాడు.

ఆ రోజుల్లో పెద్ద రోగమనే ఎయిడ్స్ గురించి ప్రతి గోడ మీదా బొమ్మలే. మా షాపు తలుపుకూ ఒకటి అంటించి ఉంది. కూలి పనికి బొంబాయి, పూణె పోయివచ్చిన వాళ్ళను ఊరంతా ఒక కంట చూసేది. నేను ఓరగా నవ్వాను. "యాడికన్న పోయొచ్చినవా అన్నా?" అన్నాను.

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం నల్లబడింది. "మా తల్లి మీద ఒట్టు తమ్మీ. నేను వనపర్తి దాటి యాడికీ పోలే" అన్నాడు. ఏదో పూతమందు ఇచ్చాను, జేబులో వేసుకొని తలవంచుకుని పోయాడు.

వారానికి మళ్ళీ వచ్చాడు. మాట లేదు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, విప్పి, అద్దం మీద పరిచాడు. రక్తం పరీక్ష. రోగం లేదని రాసి ఉంది. నేను చదివేదాకా నిలబడి, మళ్ళీ అవే మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం ఆయన చాలా రోజులు జేబులోనే ఉంచుకున్నాడని తర్వాత తెలిసింది. కాగితం మడిచేటప్పుడు చొక్కా చెయ్యి పైకి జరిగింది. మోచేతి మడతలో, రక్తం తీసిన చోట, మళ్ళీ అదే చీముపొక్కు.

చూశాను. ఈసారి బాగానే చూశాను. చూసి ఏం చేశాను? సంతోషపడ్డాను! నా సూది మచ్చ నా మీది నుంచి పోయిందని. "రక్తం తీసినోళ్ళది గూడ పాత సూదేనా అన్నా?" అని ఎకసెక్కం చేశాను. ఆయన చొక్కా చెయ్యి దించి గుండీ పెట్టుకున్నాడు.

నోరు, మోకాళ్ళు, చెప్పుకోలేని చోటు, సూది గుచ్చిన చోటు. ఇవన్నీ ఒకే మనిషివని తెలిసింది ఒక్క నాకే. డాక్టర్లు ఒక్కొక్కరు ఒక్కొక్కటే చూశారు, అన్నీ వచ్చింది నా అద్దం దగ్గరికి. పేరు తెలియకపోతే పోనీ, "అన్నా, ఇది నాతోని అయ్యే పని కాదు, హైదరాబాద్ పోయి అన్నీ ఒక్క డాక్టరుకే చెప్పు" అనడానికి డిప్లొమా కూడా అక్కర్లేదు. ఛీ, నా తలకాయ.

తర్వాత కన్ను. ఎడమ కన్ను ఎర్రబడింది, వెలుతురు చూడలేకపోయేవాడు. కళ్ళకలక అని చుక్కలమందు ఇచ్చాను. తగ్గింది, మళ్ళీ వచ్చింది. వనపర్తిలో ఒక డాక్టరు రాసిన చుక్కలకూ అంతే. తగ్గిన ప్రతిసారీ చూపు కొంచెం తీసుకుపోయేది. "నల్లగుడ్డు కింద తెల్ల పోగు అడ్డం బడ్డట్టున్నది తమ్మీ, సూడు" అన్నాడొకసారి. చూస్తే నిజంగానే అడుగున సన్నటి తెల్లటి గీత. అది కంటి లోపల నిలిచిన చీము అని నాకు తర్వాత తెలిసింది. "దుమ్ము పడ్డదేమో, కడుక్కో" అన్నాను.

ఏడాది తిరిగేసరికి కుడి కన్ను కూడా మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పడుగు ఎవరిస్తారు? వేళ్ళతో తడిమి అతికేవాడు. రంగులు తెలియకపోతే నాలుకకు ఆనించి రుచితో పట్టుకునేవాడు. ఒక పెళ్ళి చీర పడుగులో మాత్రం అంచు పచ్చ పోగుల మధ్య ఎరుపు పోగులు వచ్చి పడ్డాయి. మూరెడు నేశాక బయటపడింది. మగ్గం యజమానురాలు పెద్ద మనిషి. కేకలేద్దామని ఆయన ఇంటికి వెళ్ళి, ఏడ్చుకుంటూ మా షాపు మీదుగా తిరిగొచ్చింది.

"'నోరంత పొక్కింది తల్లీ, రుచి తెల్వలే' అంటున్నడు. ఎరుపేదో పచ్చేదో నోటితోని సూస్తుండంట! కండ్లు లేవని ఒక్క మాటన్న చెప్పకపాయె" అంది.

అప్పుడు హైదరాబాద్ తీసుకుపోయారు. అక్కడ జరిగింది నాకు వదిన, అంటే ఆయన భార్య, చెప్పింది. మితభాషి, ఉన్నదున్నట్టు చెప్పే మనిషి.

"కండ్లకని పోతే డాక్టరు నోరు తెరువమన్నడు తమ్మీ. మోకాళ్ళు సూసిండు. కింద గూడ పొక్కుతదా అని ఆయనే అడిగిండు. ఈయన సిగ్గుతోని సచ్చిపోయిండు. చెయ్యికి ఉత్తగనే ఒక సూది గుచ్చి, రెండు దినాలకు రమ్మన్నడు. దవాఖాన అరుగు మీదనే పండుకున్నం. రెండు దినాలకు సూస్తే గుచ్చిన కాడ చీముపొక్కు. డాక్టరు పదిమందిని పిలిచి సూపెట్టిండు. ఇదే, ఇదే ఆ రోగమన్నడు."

ఆ రోగం పేరు చీటీ మీద ఇంగ్లీషులో ఉంది. పలకడం నాకే సరిగ్గా రాలేదు. ఒంటిని కాపాడాల్సిన బలమే తిరగబడి లోపలి రక్తనాళాలను వాపెక్కించే జబ్బట. నోటి పుండ్లు దాని తొలి గుర్తు. సూది గుచ్చినంత చిన్న గాయానికి కూడా ఆ ఒళ్ళు చీము పట్టేంత రేగుతుందట. తొలి ఏళ్ళలో మందులు మొదలుపెడితే చూపు చాలావరకు నిలిచి ఉండేదని, ఇప్పుడు పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడట.

వదిన ఇంకా చెప్పింది. "గిసుంటి పొక్కు ముందుగాల ఎప్పుడన్న లేసిందా అని అడిగిండు. రెండుసార్లు లేసిందన్నడు. మరి ఎవరికీ సూపెట్టలేదా అని డాక్టరు కోపం జేసిండు." ఆమె నా కళ్ళలోకి చూసింది. "ఎవరికీ సూపెట్టలే సారూ అన్నడు తమ్మీ."

ఆ పూట నేను షాపు మూసి ఇంటికి పోయాను. 

వారం తర్వాత ఆయనే వచ్చాడు, వదిన భుజం పట్టుకొని. మెట్టెక్కగానే అలవాటుగా చెయ్యెత్తి మూడు వేళ్ళు చూపించాడు, నా వైపు కాదు, పక్కనున్న ఫ్రిజ్ వైపు. నేను "ఇటున్న అన్నా" అన్నాను. గొంతు వచ్చిన వైపు తిరిగాడు. అద్దం అంచు తడుముకుంటూ వచ్చి నా చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. వేళ్ళ కొసలు ఇంకా దారం రాపిడికి గరుగ్గానే ఉన్నాయి.

"తమ్మీ, నీతోని ఒక్క మాట చెప్పాలె. ఆ సూది కొత్తదేనంట. డాక్టరు చెప్పిండు. ఏ సూది గుచ్చినా నా ఒళ్ళు గట్లనే పొక్కుతదంట. అంతమందిల నిన్ను ఏమేమో అంటి. మనసుల పెట్టుకోకు."

చెప్పాల్సిన మాట నాకు తెలుసు. అన్నా, ఆ పొక్కు నేను రెండుసార్లు చూసిన, నా కోపం మీద నేనుండి నీ కండ్లు పోగొట్టిన, నన్ను తిట్టు అనాలి. నోటిదాకా వచ్చింది. ఇద్దరు గిరాకీవాళ్ళు నిలబడి ఉన్నారు. ఊళ్ళో పేరున్న షాపు. పక్కన వదిన రెప్ప వేయకుండా చూస్తోంది.

"పోనీలే అన్నా. నేనెప్పుడో మర్చిపోయిన" అన్నాను.

ఆయన ముఖం ఒక్కసారిగా తేటపడింది. నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకొని నొక్కాడు. "మంచిది తమ్మీ, మంచిది" అన్నాడు. ఆ తర్వాత, ఏమీ జరగనట్టే, "ఇయ్యాల మీ ఇంట్ల ఏం కూర?" అన్నాడు. పచ్చిపులుసు, పల్లీల పొడి అన్నాను. కళ్ళు మూసుకొని విన్నాడు. మూసుకోవాల్సిన పని లేదుగానీ, అలవాటు.

అతుకు పని ఇంకెవరూ ఇవ్వలేదు. తెల్ల పడుగైతే తడిమి అతుకుతానని కొన్నాళ్ళు మగ్గాల ఇళ్ళకు కబురు పెట్టాడు. ఇంటి అరుగు మీద కూర్చొని చిక్కుబడ్డ తెల్లదారం విప్పి, మళ్ళీ అతుకుతూ ఉండేవాడు, ఎవరికీ అక్కర్లేని అతుకులు. మందులు వాడుతూనే ఉన్నా జబ్బు ఊపిరితిత్తుల దాకా పోయింది. ఏడాదిన్నరకు, ఎండాకాలంలో, దగ్గుతూ రక్తం కక్కుకొని పోయాడు.

నేను వెళ్ళాను. అరుగు మీద దారం ఉండ అలాగే ఉంది. వదిన ఏడవడం లేదు. నన్ను చూసి లేచి దగ్గరికి వచ్చింది.

"నువ్వు మాఫ్ జేసిన దినం కడుపునిండ తిన్నడు తమ్మీ" అంది. "నోరు పొక్కి ఉన్నా కారం ఏసుకొని తిన్నడు."

నేను తల వంచుకున్నాను. ఆమె అక్కడి నుంచి కదల్లేదు, నేను తలెత్తేదాకా అలాగే నిలబడింది.